ఇంట్లో, వీధిలో ఎవరి నడుముకి ఎంత రిస్కుందో చూసుకోవడం ఎలా

పోయిన ఉడుపులప్పుడు, అంటే వరి నాట్లప్పుడు, మా ఊళ్ళో ఒక పిన్నిని అడిగా, "పిన్నీ, నడుం నొప్పేమైనా ఉందా?" అని. "నాకేటి నొప్పి బావూ, బాగానే ఉన్నాను" అంది. అక్కడితో ఆపేసుంటే నా కాగితం మీద 'లేదు' అని పడిపోయేది. కూర్చున్నాను కదా అని ఇంకో మాట కలిపా, "ఈ నెల్లో నడుం వల్ల ఎప్పుడైనా పనికి ఆగిపోయావా?" అని. "ఆ, రెండ్రోజులు ఉడుపులకి వెళ్ళనేదు, వంగినదాన్ని మళ్ళీ లేవనేకపోనాను, మీ చిన్నాన్న బామ్ రాసేడు" అంది.

ఆవిడ లెక్కలో అది నొప్పి కాదు, ఉడుపులన్నాక అలాగే ఉంటాది, అంతే. అందుకే నడుం నొప్పి రిస్కు చూడ్డం అనే పని మొదలయ్యేది ఎక్స్‌రే దగ్గర కాదు, మనం అడిగే ప్రశ్న దగ్గర. నేను విజయనగరంలో ఫిజియోథెరపీ చేస్తుంటా, ఊరు చీపురుపల్లి అవతల, ఆదివారం ఊరెళ్ళి అరుగు మీద కూర్చుంటే చాలు నలుగురు నడుం పట్టుకుని వచ్చీస్తారు, వాళ్ళతో మాట్లాడి మాట్లాడి నాకు అలవాటైన పద్ధతి ఇది. ఆశా కార్యకర్తలకి, ఊళ్ళో హెల్త్ క్యాంపు పెట్టే కుర్రాళ్ళకి, మా ఇంట్లోవాళ్ళ సంగతేంటో చూద్దాం అనుకునేవాళ్ళకి పనికొస్తుంది. ఇది డాక్టరు చేసే పని కాదు, డాక్టరు దగ్గరికి ఎవర్ని ముందు పంపాలో, ఎవర్ని అనవసరంగా భయపెట్టకూడదో తెలుసుకునే పని.

2020లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉందని లెక్క, 2050కి అది 84 కోట్లు దాటొచ్చని అంచనా. ప్రాణం తియ్యదు గానీ మనిషిని పని చెయ్యనీకుండా చేసే సమస్యల్లో ప్రపంచంలో మొదటి స్థానం దీనిదే. అందులో 90 శాతం మందికి ఇదిగో ఈ ఎముక, ఇదిగో ఈ నరం అని వేలెట్టి చూపించే కారణం దొరకదు. కారణం దొరకనప్పుడు చూడాల్సింది రిస్కే.

ముందు నడుం అంటే ఎక్కడ అన్నది తేల్చుకోండి. మన దగ్గర నడుం అనగానే ఒకరు వీపు చూపిస్తారు, ఒకరు తుంటి, ఇంకొకరు డొక్క. లెక్కలోకి వచ్చేది వెనకవైపు చివరి పక్కటెముక కింద నుంచి పిర్రల కింద మడత దాకా. ఒక కాగితం మీద వెనక్కి తిరిగి నిలబడ్డ మనిషి బొమ్మ గీసి (బొమ్మ బాగా రాకపోయినా పర్లేదు, నాది చూసి మా మేనకోడలు గుమ్మడికాయా అనడిగింది) ఆ భాగాన్ని పెన్సిల్‌తో నల్లగా రుద్ది, అది చూపించి రెండే ప్రశ్నలు అడగండి. గత 4 వారాల్లో ఇక్కడ నొప్పి వచ్చిందా? వస్తే, దానివల్ల రోజూ చేసే పని ఒక్కరోజు కన్నా ఎక్కువ తగ్గించుకోవడమో మార్చుకోవడమో జరిగిందా? ఇవి నా సొంత ప్రశ్నలు కాదు, ఒక్కో సర్వే ఒక్కోలా అడిగి లెక్కలు ఒకదానికొకటి పొంతన లేకుండా పోతున్నాయని 2008లో చాలా దేశాల పరిశోధకులు కలిసి ఒప్పుకున్న ప్రశ్నలు. జ్వరంతో వచ్చే ఒళ్ళునొప్పులు, నెలసరప్పుడు వచ్చే నొప్పి ఇందులో కలపకూడదు. 4 వారాలంటే పెద్దవాళ్ళకి తెలీదు, నెల్లాళ్ళ కిందటి అమావాస్యో పండగో ఏదో ఒకటి చెప్పి "అప్పట్నించి" అనండి, టక్కున చెప్తారు. కాగితం పైన ఏ నెలలో అడిగారో రాయండి, ఎందుకంటే శ్రావణంలో అడిగితే వచ్చే జవాబు వేరు, మాఘంలో అడిగితే వచ్చేది వేరు.

ఆ తర్వాత రిస్కు లెక్కలోకి దిగకముందే పక్కకి తియ్యాల్సినవాళ్ళు కొంతమంది ఉంటారు. తక్కువ మందే, కానీ వీళ్ళని మిస్సయితే మిగతాదంతా వేస్టు. ఒంటేలు ఆగిపోవడం లేదా తెలీకుండా పోవడం, దొడ్డికి ఆపుకోలేకపోవడం, సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారిపోవడం, రెండు కాళ్ళలో బలం తగ్గుతూ రావడం, వీటిలో ఏది నడుం నొప్పితో కలిసొచ్చినా రేపు చూద్దాం అనకూడదు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి, 108 పిలిచైనా సరే. నరాలన్నీ ఒక కట్టలా దిగే చోట నొక్కుడు పడితే ఇలా అవుతుంది, అక్కడ గంటలు లెక్క. కాలి బలం చూడ్డానికి నేనొక చిన్న పని చేయిస్తా, మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు నడవమంటా, గోడ పట్టుకోవచ్చు. ఒక పాదం పైకి లేవకపోతే, ఒక మడమ ఎత్తలేకపోతే డాక్టరు చూడాల్సిందే.

ఇంకొంతమంది ఆ రాత్రే కాకపోయినా ఆ వారంలో వెళ్ళాలి. సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం (మన దగ్గర వెన్ను టీబీ ఉంది, మర్చిపోవద్దు), ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్ళు, 50 దాటాక జీవితంలో మొదటిసారి నడుం నొప్పి వచ్చినవాళ్ళు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, పెద్ద వయసులో బాత్రూంలో చిన్నగా జారిపడినా సరే అప్పట్నించి నొప్పి తగ్గనివాళ్ళు. స్టెరాయిడ్ వాడారా అని అడిగితే లేదంటారు, "ఆయాసానికో కీళ్ళకో పొడులు, పొట్లాలు వాడావా" అని అడగండి, ఊరూపేరూ లేని పొట్లాల్లో ఏముంటుందో దేవుడికే తెలియాలి. ఇంకో రకం వేరుగా ఉంటుంది, 40 లోపు కుర్రాడు, నొప్పి నెమ్మదిగా మొదలై నెలల తరబడి ఉంటుంది, తెల్లారుజామున నిద్ర లేపేస్తుంది, లేచాక అరగంట పైన బిగుసుకుపోయి ఉంటుంది, తిరిగితే తగ్గుతుంది, పడుకుంటే పెరుగుతుంది. ఇది బరువులెత్తడం వల్ల వచ్చే బాపతు కాదు, రుమటాలజిస్టు (కీళ్ళవాతాల డాక్టరు) చూడాలి. బద్ధకం అని ఇంట్లో తిట్లు తింటుంటారు పాపం ఈ కుర్రాళ్ళు.

వీళ్ళని పక్కన పెట్టాక మిగిలేది అసలు జనం. ఇక్కడే చాలామంది కలిపేసే విషయం ఒకటుంది. రిస్కు ఒకటి కాదు, రెండు. నొప్పి వచ్చే రిస్కు ఒకటి, వచ్చినది పోకుండా ఉండిపోయే రిస్కు ఇంకొకటి. బస్తాలు మోసే కళాసీకి మొదటిది ఎక్కువ ఉండొచ్చు, రెండోది తక్కువ ఉండొచ్చు. ఇంట్లో కూర్చుని దిగులు పడే ఆయనకి తిరగేసి ఉండొచ్చు. వేర్వేరు ప్రశ్నలు, వేర్వేరుగా అడగాలి.

వచ్చే రిస్కుకి అన్నిటికన్నా గట్టి గుర్తు, ఇంతకుముందు వచ్చిందా అన్నదే. తగ్గిపోయినవాళ్ళలో 10 మందికి 7గురి దాకా ఏడాది తిరక్కుండానే మళ్ళీ వస్తుంది. కాబట్టి అడగాల్సిన మొదటి మాట "ఎన్నిసార్లు వచ్చింది, చివరిసారి ఎప్పుడు". రెండుమూడుసార్లు వచ్చిందంటే మిగతావి ఏమున్నా లేకపోయినా వాళ్ళ పేరు పక్కన ఒక గీత గీసుకోండి.

తర్వాత పని. పనేంటి అని అడక్కండి, "నిన్న పొద్దున్న లేచినకాడి నించి ఏం చేసావో చెప్పు" అనండి. ఇంట్లో ఖాళీగానే ఉంటా అన్న వదినగారు లెక్కపెడితే వీధి చివర కుళాయి నించి ఎన్ని బిందెలు తెచ్చిందో, రెండేళ్ళ పిల్లాడిని ఎన్నిసార్లు చంకనేసుకుందో బయటపడుతుంది. ఉడుపులంటే గంటల తరబడి వంగి ఉండడం, పలాస వైపు జీడిపిక్కల పనిలో ఆడవాళ్ళు కదలకుండా ఒకే తీరున కూర్చోవడం, ఆటో, ట్రాక్టర్ తోలేవాళ్ళకి ఒళ్ళంతా అదురుతుంటుంది (మా ఊరి రోడ్డు మీద అదురు గురించి వేరే చెప్పక్కర్లేదు), జూట్ మిల్లులో షిఫ్టు, పందిళ్ళు వేసేవాళ్ళు, తాపీమేస్త్రీ దగ్గర సిమెంటు అందించే కూలీలు. చూడాల్సినవి నాలుగు: బరువు ఎంత, వంగడం ఎంతసేపు, మెలి తిరుగుతూ ఎత్తుతున్నారా, మధ్యలో తెరిపి ఉందా.

బరువుకి ఒక అంకె పట్టుకోవచ్చు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి ఆనుకుని, చెయ్యి కిందకి వదిలేస్తే వేళ్ళు తగిలే ఎత్తులో, మెలి తిరగకుండా, ఎప్పుడో ఒకసారి ఎత్తితే, పై హద్దు 23 కేజీలు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా హద్దు ఇంకా కిందకి దిగిపోద్ది. 2022లో 25 కేజీల దాకా ప్యాకింగ్ బియ్యం మీద జీఎస్టీ వేసాక షాపులోకి 26 కేజీల బస్తా వచ్చింది చూసారా, పన్ను తప్పింది గానీ నడుముకి తప్పలేదు, నేల మీద నించి అది ఎత్తి స్కూటీ మీద పెడుతున్నామంటే హద్దు ఎప్పుడో దాటీసాం. కళాసీలు మోసే 50 కేజీల బస్తా సంగతి ఇంక అడక్కండి.

పొగ సంగతి అడగాలి, దానికీ నడుముకీ సంబంధం ఏంటి అనుకుంటారు, కానీ ప్రపంచ లెక్కల్లో నడుం నొప్పి భారానికి కారణాలుగా చూపించే మూడిట్లో పని, అధిక బరువుతో పాటు పొగ కూడా ఉంది. ఇక్కడ మనోళ్ళు చేసే తప్పేంటంటే మగాళ్ళని మాత్రమే అడుగుతారు. మన జిల్లాల్లో తీరం వెంబడి ఊళ్ళలో అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఉన్నారు కదా, నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవాళ్ళు, "సిగరెట్ తాగుతావా" అంటే నవ్వుతారు, "చుట్ట" అంటే ఒప్పుకుంటారు. ఒళ్ళు బరువుకి మనవాళ్ళ కొలత వేరు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 23 దాటితేనే ఎక్కువ కింద లెక్క, 25 దాటితే ఊబకాయం. వయసు కూడా చూడండి, ఎక్కువ కేసులు 50 నించి 55 మధ్య కనిపిస్తాయి, మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకి ఎక్కువ. గర్భంతో ఉన్నవాళ్ళలో చాలామందికి వస్తుంది.

ఒక మాట మాత్రం ఇక్కడే చెప్పేస్తా, రోజుకి ఒకసారైనా వింటాను దీన్ని: "సిజేరియన్‌కి నడుంలో మత్తింజక్షన్ ఇచ్చారు బాబూ, అప్పట్నించే ఇది." సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పుండొచ్చు, కానీ ఏళ్ళ తరబడి ఉండే నడుం నొప్పికి ఆ ఇంజక్షన్ కారణమని పరిశోధనల్లో తేలలేదు. గర్భంలోనే మొదలైన నొప్పి, బిడ్డ పుట్టాక నిద్ర లేకపోవడం, వంగి వంగి పిల్లని ఎత్తడం, ఇవన్నీ వదిలేసి సూది మీదికి తోసేస్తాం. రిస్కు కాగితంలో సూదికి గడి లేదు. స్కూలు బ్యాగుకీ లేదు, పిల్లల నడుం నొప్పికి బ్యాగు బరువే కారణం అనడానికి గట్టి ఆధారం దొరకలేదు. నాకూ మొదట్లో ఆశ్చర్యమే అనిపించింది.

ఇప్పుడు రెండోది, ఉండిపోయే రిస్కు. ఇది ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్ళని మాత్రమే అడగాలి. నొప్పి 6 వారాల్లోపు అయితే కొత్తది, 12 వారాలు దాటితే పాతబడిపోయినట్టు. కొత్తవాళ్ళలో ఎవరిది పాతబడుతుందో పసిగట్టడానికి ఇంగ్లాండ్‌లో కీల్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో స్టార్ట్ బ్యాక్ అని 9 ప్రశ్నల కాగితం తయారుచేసారు, ఫిజియోథెరపీలో రోజూ వాడే కాగితమే. గత రెండు వారాల గురించి అడుగుతుంది. నొప్పి కాలిలోకి దిగిందా, భుజమో మెడో కూడా నొప్పా, నొప్పి వల్ల కొద్దిదూరమే నడుస్తున్నావా, బట్టలు కట్టుకోడానికి టైం పడుతుందా, ఇవి మొదటి నాలుగు. మిగతా ఐదూ మనసువి: ఇలాంటి నడుంతో పని చెయ్యడం మంచిది కాదనుకుంటున్నావా, బెంగ బుర్రలో తిరుగుతుందా, ఇది ఇంక తగ్గదు అనిపిస్తుందా, ఇష్టమైన వాటిమీద కూడా మనసు పోవట్లేదా, మొత్తమ్మీద ఎంత ఇబ్బంది పెడుతోంది. అవునన్నదానికల్లా 1 వేసుకోవాలి, చివరి ప్రశ్నకి మాత్రం "చాలా", "భరించలేనంత" అంటేనే 1. మొత్తం 3 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే తక్కువ రిస్కు. 4 గానీ ఆపైన గానీ అయితే ఆ చివరి ఐదింటిని విడిగా కూడండి, అందులో 3 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే మధ్యరకం, 4 గానీ 5 గానీ వస్తే ఎక్కువ.

9 ప్రశ్నల్లో సగం పైన మనసు గురించే ఉన్నాయి, గమనించారా. ఇది నాకు కాలేజీలో కన్నా ఊళ్ళోనే బాగా అర్థమైంది. ఒకాయన, గుజరాత్‌లో కూలిపనికి వెళ్ళి నడుం పట్టేసి తిరిగొచ్చాడు, స్కాన్ తీయించుకున్న చోట "నీ డిస్క్ అరిగిపోయింది, ఇంక బరువులెత్తకు" అన్నారట (డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త). ఆర్నెల్లు మంచం దిగలేదు. నేను వంగమంటే వంగలేదు, నొప్పి వల్ల కాదు, "వంగితే ఊడిపోద్దేమో" అన్నాడు, ఆ మాట అంటూ చేత్తో నడుం వెనక దేన్నో పడిపోకుండా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కింద పడ్డ తువ్వాలు తియ్యడానికి గుంజీలు తీసినట్టు నిటారుగా కూర్చుని లేచాడు. నొప్పేమీ లేని మామూలు మనుషులకి స్కాన్ తీసి చూస్తే 20 ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనబడుతుంది, 80 ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి. నెరిసిన జుట్టు లాంటిదే అది. ఆ ముక్క ఆయనకి చెప్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. కాబట్టి మీ కాగితంలో "స్కాన్‌లో ఏమొచ్చింది" అని రాసుకోకండి, "స్కాన్ చూసి నీకేం చెప్పారు" అని రాసుకోండి.

శ్రీకాకుళం జిల్లా, అందులోనూ ఉద్దానం వైపు అయితే ఇంకో భయం ఉంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు నడుం నొప్పనగానే కిడ్నీ పోయిందేమో అనుకుంటారు, అనుకోవడంలో తప్పులేదు, ఇంటికొకరిని చూసినవాళ్ళు. కానీ అక్కడి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి లేకుండానే వస్తుంది, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) ఎంతుందో చూస్తేనే తెలుస్తుంది. అంటే నడుం నొప్పుందని కిడ్నీ పోయినట్టు కాదు, నడుం బాగుందని కిడ్నీ బాగున్నట్టూ కాదు. కిడ్నీలో రాయి నొప్పి వేరు, డొక్క నించి గజ్జల్లోకి అలలు అలలుగా దిగుతుంది, ఎలా కూర్చున్నా పడుకున్నా తేడా ఉండదు. నడుం నొప్పి అయితే వంగితేనో తిరిగితేనో మారుతుంది.

అసలు ప్రమాదం తిరగేసి ఉంది. నడుం నొప్పికని మందులషాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ బిళ్ళలు స్ట్రిప్పులకి స్ట్రిప్పులు మింగుతారే, అవి కిడ్నీని దెబ్బకొట్టగలవు, ఎండలో చెమటోడ్చి నీళ్ళు సరిగ్గా తాగనివాళ్ళకి మరీను. అందుకని కాగితంలో "వారానికి ఎన్ని నొప్పి బిళ్ళలు వేస్తావు" అన్న గడి తప్పకుండా పెట్టండి. వారంలో మూడునాలుగు రోజులు వేసేవాళ్ళు, బీపీ షుగర్ ఉన్నవాళ్ళు దొరికితే నడుం సంగతి పక్కనబెట్టి ముందు క్రియాటినిన్ చేయించండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రభుత్వం కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచింది, అటువైపు వాళ్ళకి దూరం లేదు.

కాగితాలు నిండాక ఏం చెప్పాలి? తక్కువ రిస్కువాళ్ళకి ఎక్కువ చెప్పక్కర్లేదు, "తగ్గిపోద్ది, తిరుగుతూ ఉండు, మంచమెక్కకు" చాలు. ఎక్కువ మాట్లాడితే లేని భయం పెట్టినవాళ్ళమవుతాం. మధ్యరకం వాళ్ళకి వ్యాయామం నేర్పే మనిషి కావాలి. ఎక్కువ రిస్కు వచ్చినవాళ్ళకి వ్యాయామంతో పాటు ఆ బెంగ గురించి కూర్చుని మాట్లాడేవాళ్ళు కావాలి, అది అయిదు నిమిషాల ఓపీలో అయ్యే పని కాదు.

ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకి నడక చెప్పండి. ఆస్ట్రేలియాలో 701 మంది మీద చేసి 2024లో అచ్చయిన పరిశోధనలో, ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా పెంచుకుంటూ వారానికి 5 రోజులు అరగంట నడక దాకా వెళ్ళినవాళ్ళకి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, ఏమీ చెయ్యనివాళ్ళకి 112. పొలం పనిచేసేవాళ్ళు "రోజూ నడుస్తూనే ఉన్నాం కదా" అంటారు, గట్టు మీద మోపు నెత్తిన పెట్టుకుని నడవడం వేరు, చేతులూపుకుంటూ నడవడం వేరు, సాయంత్రం చెరువు దాకా వెళ్ళి రమ్మనండి. బెల్టులు మాత్రం కొనిపించకండి, నడుం నొప్పి రాకుండా బెల్టు ఆపుతుందన్నదానికి ఆధారం లేదు, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాతబడిన నడుం నొప్పికి మామూలుగా వాడొద్దన్న వాటిల్లో బెల్టూ ఉంది, ట్రాక్షనూ (నడుముని లాగి పెట్టే వైద్యం) ఉంది. నా దగ్గర ట్రాక్షన్ టేబుల్ ఉంది, నిజం చెప్పాలంటే ఇప్పుడు దానిమీద ఫైళ్ళు పెట్టుకుంటున్నా.

ఈ కాగితం ఒకసారి నింపి పారేసేది కాదు. ఉడుపులయ్యాక ఒకసారి, కోతలూ నూర్పులూ అయ్యాక ఒకసారి, అవే రెండు ప్రశ్నలు, అదే బొమ్మ. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పిన్ని గుమ్మంలో ముగ్గేస్తుంటే కాగితం తీసా. నన్ను చూసి నవ్వి, నేనడక్కముందే "ఒక్కరోజు బావూ, ధాన్యం బస్తాలప్పుడు, ఒక్కరోజే" అంది.